మూడో వార్డు మెరుగుదల

కంప్లి రోడ్డు మీదున్న ఆ పట్టణం పేరు మనకెందుకు గానీ, అక్కడి నీళ్ల ఆఫీసు ఇకమీద ప్రతిరోజూ నిన్నటికంటే మెరుగ్గా ఉంటుందని ఇంజనీరు చిదానంద గారు జనవరి ఒకటిన మైకులో ప్రకటించారు. పథకం పేరు 'నిరంతర మెరుగుదల'. సిబ్బందిలో ప్రతి ఒక్కరూ వారానికొక మెరుగుదల చేసి, ఫారంలో రాసివ్వాలి.

ఆఫీసు వెంటనే మెరుగుపడసాగింది. మొదటి వారం ఫిర్యాదుల పుస్తకానికి పచ్చ అట్ట వేశారు. రెండో వారం అట్ట మీది 'ఫిర్యాదులు' కొట్టేసి 'సూచనలు' అని రాశారు. దాంతో పట్టణంలో ఫిర్యాదన్నదే లేకుండా పోయింది.

వాల్వ్‌మన్ హులిగేశ్‌కే ఏం రాయాలో తోచలేదు. పదకొండేళ్లుగా దినగూలి. ఫారం ఇవ్వకపోతే పర్మనెంట్ లిస్టులో పేరుండదన్నారు. అతని ఇల్లున్న మూడో వార్డుకు ఎనిమిది రోజులకొకసారి నీళ్లొస్తాయి. ఒక పొద్దున ఆ వార్డు వాల్వ్ గుంతలోకి దిగి చూస్తే, వాల్వ్ సగమే తెరుచుకుని తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. కిరసనాయిలు పోసి, నానబెట్టి, పూర్తిగా తిప్పాడు. మర్నాటి నుంచి రోజూ నీళ్లు. భార్య నాగక్క అడగకుండానే రెండోసారి టీ ఇచ్చింది. ఫారంలో అతను ఒకే ముక్క రాశాడు: 'వాల్వ్ తిప్పినాను.'

చిదానంద గారు పిలిపించి గోడమీది చార్టు చూపించారు. మూడో వార్డుకు నీళ్లొచ్చే ఎనిమిది రోజుల గడువు ఫిబ్రవరికి ఏడు, మార్చికి ఆరు, మంత్రి గారొచ్చే ఏప్రిల్‌కు అయిదు కావాలి.

"నీళ్లు వస్తాండాయి కద సార్," అన్నాడు హులిగేశ్.

"అదేనప్పా సమస్య. నిరంతరం అంటే ఏంది? నిలవకుండా జరగాల. నువ్వు ఒక్క పొద్దులో ముగించేస్తివి. మినిస్టర్ వస్తే దేన్ని మెరుగు చేస్తాండామని చూపించల్ల?"

దయగల మనిషి కాబట్టి మెమో ఇవ్వలేదు. పర్మనెంట్ లిస్టు మీద మోచెయ్యి ఆనించి, వాల్వ్‌ను ఎప్పట్లా పెట్టి రమ్మన్నారు, అంతే. హులిగేశ్ మళ్లీ గుంతలోకి దిగాడు. ఆ వారమంతా నాగక్క మొదటి టీ కూడా అడిగితేనే ఇచ్చింది.

ఏప్రిల్‌లో మంత్రి గారు వచ్చి, చార్టు చూసి చలించిపోయారు. నీళ్లెట్లున్నాయమ్మా అని సభలో ముందు వరసలో కూర్చున్న నాగక్కను అడిగారు.

"జనవరిలో శానా బాగుండె సార్."

పథకం ఆరంభం నుంచే బాగుందన్నమాట అని మంత్రి గారు చప్పట్లు కొట్టించారు. పథకాన్ని జిల్లా అంతటికీ విస్తరించారు. హులిగేశ్‌కు వేదిక మీదే పర్మనెంట్ ఆర్డరు ఇచ్చి, ట్రైనర్ అన్నారు.

మరుసటి నెల మిగతా ఊళ్ల వాల్వ్‌మన్లు నేర్చుకోవడానికి వచ్చి గుంత చుట్టూ నిలబడ్డారు. వాళ్లలో ఒకాయన ఊళ్లో రోజూ నీళ్లొస్తాయట. మెరుగుపడే అవకాశమే లేదని దారంతా దిగులుపడ్డాడట.

హులిగేశ్ ఎవరి మొహమూ చూడకుండా మొదటి పాఠం చెప్పాడు. "ముందు వాల్వ్ బిగించండప్పా."

అందరూ రాసుకున్నారు.

"ఎన్ని చుట్లు సార్?" అన్నాడు రోజూ నీళ్లొచ్చే ఊరాయన.

పదకొండేళ్లలో హులిగేశ్‌ను సార్ అన్న మొదటి మనిషి అతనే. హులిగేశ్ గుంతలోకి దిగి, చుట్లు లెక్కపెట్టి చెప్పాడు.