బసవరాజ్ ఇచ్చిన చల్లదనం

బ్రోకర్ బసవరాజ్‌ను నేను మోసగాడని తిడుతున్నట్టు ఊళ్లో చెప్పుకుంటున్నారు. శుద్ధ అబద్ధం! అంత చిన్న మాటతో అతణ్ణి సరిపెట్టే మనిషిని కాను. అతడు నాకు అంటగట్టిన పాత కారు, అందులో మూలిగే ఏసీ, ఆరో తరగతితో పలక పడేసిన నన్ను కూడా ఆలోచనాపరుణ్ణి చేశాయి. ఆ ఆలోచన ఫలితాన్ని ఈ రోజు బహిరంగంగా ప్రకటిస్తున్నాను: కారులో ఏసీ సరిగా పనిచేయకపోవడం మహాభాగ్యం. చల్లగా కొట్టే ఏసీ మనిషికి పట్టిన పీడ!

నవ్వకండి. మే నెల మధ్యాహ్నం కర్నూలులో బయల్దేరి గండికోట దాకా నా కారులో వచ్చి, అప్పటికీ ఓపిక మిగిలితే నవ్వండి.

ఏసీ బాగున్న కారులో జనం ఏం చేస్తారు? అద్దాలు బిగించుకుని నోరు తెరుచుకుని నిద్రపోతారు. నంద్యాల ఎప్పుడు దాటారో తెలియదు, జమ్మలమడుగు ఎప్పుడు వచ్చిందో తెలియదు. దిగాక సెల్ఫీ దిగి, అంతా చూశామంటారు. నా కారులో నిద్రపోయిన మొనగాడు ఇంతవరకూ ఎక్కలేదు! కిటికీలు దించి, తలలు బయటపెట్టి, చెట్టూ పుట్టా అన్నీ చూస్తారు. పైగా దారి పొడవునా ఎర్రదుమ్ము ముఖానికి పట్టిస్తాను. ఇదే పని బ్యూటీపార్లర్‌లో చేయించుకుంటే ఊరికే చేస్తారా?

సమానత్వం గురించి పెద్దపెద్ద సభలు పెడతారు. ఎందుకంత ఖర్చు? నా కారులో కూర్చోబెట్టండి. లెక్చరరైనా, కాంట్రాక్టరైనా, కూలికి పోయే మనిషైనా, పాణ్యం చేరేసరికి అందరి చొక్కాలూ వీపులకు ఒకేలా అతుక్కుంటాయి.

ఇక బంధువుల సంగతి. కారున్నవాడికి బంధువులు ఎక్కువని అందరికీ తెలుసు. నాకు ఆ బాధ లేదు. మా తోడల్లుడు వసంతకుమార్ ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మామగారి ఊరికి పోతానని కారు తీసుకుపోయాడు. సాయంత్రం తాళాలు నా చేతిలో కాదు, అరుగు మీద విసిరేశాడు. "అన్నా, దీంట్లో మడిసి ఎక్కేదానికంటే మిరపకాయలు ఎండబెట్టుకునేది మేలు!" అన్నాడు. ఆ తర్వాత మా ఇంటి వైపు చూస్తే ఒట్టు! ఏసీ బాగుంటే ఈ ప్రశాంతత దొరికేదా?

ఏసీ నాబ్‌కు నాలుగు అంకెలున్నాయి. ఒకటిలో పెడితే నిట్టూర్పు. రెండులో దగ్గు. మూడులో గొణుగుడు. నాలుగులో పెడితే శవం లేచిన ఇంట్లో శోకం. వచ్చే గాలి మాత్రం అన్నింటిలోనూ ఇంజన్ వంటింట్లోంచి వచ్చిందే! ఎత్తు ఎక్కేటప్పుడు దాన్ని కూడా ఆపాలి, లేకపోతే కారు ఆగుతుంది. చల్లదనం కావాలా, ముందుకు పోవాలా, ఏదో ఒకటే కోరుకో అంటుంది బండి. ఇంతటి వేదాంతం ఏ కొత్త కారు నేర్పుతుంది?

మెకానిక్‌లు కూడా మహానుభావులే. ఏ షెడ్డుకు పోయినా ఒకటే మాట, "గ్యాస్ అయిపోయింది." పట్టిస్తాను. పది మైళ్లు చల్లగా ఉంటుంది. మళ్లీ మొదటికొస్తుంది. ఆ గ్యాస్ యాడికి పోతాందప్పా అని ఒకణ్ణి నిలదీశాను. "గాలిలోకే అన్నా, ఇంకెక్కడికి పోతాది!" అన్నాడు. అంటే జిల్లా మొత్తాన్నీ చల్లబరిచే బాధ్యత నాదన్నమాట.

ఇంత భాగ్యం నాకెలా పట్టిందో చెప్పాలి కదా.

మా పడమటి కర్నూలు పల్లెలో, మా అమ్మ భీమమ్మ పేరిట ఒక మెట్టచేను ఉండేది. ఆమె పోయాక నాకొచ్చింది. వాన పడిన ఏడు కంది, పడని ఏడు కంప. ఆ కంపలో నేను మాడుతుంటే బసవరాజ్ గట్టు మీదికి వచ్చాడు.

"ఏమప్పా, ఎన్నాళ్లు మాడతావు ఈ ఎండలో? ఈ చేను నాకు రాసియ్యి. నా ఏసీ కారు నువ్వు తీసుకో. బాడుగకు తిప్పుకో. సల్లగా బతుకుతావు!"

సల్లగా! ఆ ఒక్క మాటకు పడిపోయాను. మా సీమలో పెద్దవాళ్ల కాళ్లకు మొక్కితే మేడలు కట్టమని దీవించరు. సల్లగుండు నాయనా అంటారు. ఎండలో పుట్టి ఎండలో పోయేవాళ్లకు అంతకంటే పెద్ద వరం ఏముంది? మా అమ్మ నోట రోజూ విన్న మాట అతడి నోట వినేసరికి, చచ్చిపోయిన తల్లే చెప్పినట్టు తోచింది.

అట్లాగని పరీక్షించకుండా తీసుకోవడానికి నేనేమైనా వెర్రివాణ్ణా? బసవరాజే నన్ను ట్రయల్‌కు తీసుకుపోయాడు. ఆత్మకూరు దాటి, నల్లమల అంచున, మాఘమాసంలో, తెల్లవారుజామున! అద్దాలు కొంచెం దించి పెట్టి, వాసన పోవడానికన్నాడు. నాబ్ తిప్పాడు. నా పళ్లు టకటకా కొట్టుకున్నాయి.

"సాలా?" అన్నాడు.

"సాలప్పా, ఆపు. సచ్చిపోతాండా!"

ఆపాడు. చలి మాత్రం ఆగలేదు. ఆపినా ఇంత చల్లగా ఉందంటే బండి ఎంత గట్టిదో అని మురిసిపోయాను! అడవి చలికి, కారు చలికి తేడా తెలియని మెట్టపొలం మనిషిని. ఆ వారంలోనే రిజిస్ట్రాఫీసులో వేలిముద్ర కాదు, చక్కగా సంతకమే పెట్టాను. చదువుకున్నందుకు అంతమాత్రం చేయొద్దా?

తర్వాత నా చేనులో ఏం పండిందో తెలుసా? ఎండ! అవును, ఏ ఎండ మాడుస్తోందని నేను పారిపోయానో, ఆ ఎండ కోసమే ఒక సోలార్ కంపెనీ వచ్చింది. బసవరాజ్ చేనును వాళ్లకు అమ్ముకున్నాడు. నల్లటి పలకలు బారులు తీరాయి.

మొన్న ఆ కంపెనీకే నెలవారీ బాడుగ కారు కావాలన్నారు. అది కుదిరితే బస్టాండు ముందు నిలబడి బేరాల కోసం అరిచే పని తప్పుతుంది. అదొక్కటే నా ఆశ. మా ఆవిడ శివకుమారి సీట్ల మీద తడిగుడ్డలు పరిచింది. "దుడ్లు పోసి గ్యాస్ పట్టించినావు కదా, ఏసీ గురించి అడిగితే నోరు మూసుకో!" అని పంపింది.

ఆఫీసర్ చంద్రమోహన్ గారిని కర్నూలులో ఎక్కించుకున్నాను. పది మైళ్లు బాగానే ఉన్నాడు. ఆ తర్వాత కాలరు లాక్కున్నాడు.

"ఏసీ వేయవయ్యా."

"వేసే ఉండాది సార్. బయట ఎండ శానా ఉండాది."

"ఎండ శానా ఉండబట్టే కదయ్యా మా కంపెనీ ఇక్కడికి వచ్చింది! నువ్వు కారు మార్చుకుని రా."

ఒకప్పటి మా చేను ముందు, కంపెనీ గేటు దగ్గర దిగిపోయాడు. నెలవారీ బాడుగ కూడా అతడితోనే దిగిపోయింది.

రేడియేటర్‌కు నీళ్లు కావాలని గేటు లోపలికి పోయాను. కాపలా ఉన్న ఆంజనేయ మా ఊరి పిల్లాడే. పలకల నడుమ ఉన్న ఒక చిన్న గది తలుపు తీసి, క్యాను అందుకోబోయాడు. ఏం చెప్పను! లోపలి నుంచి చల్లగాలి వచ్చి ముఖాన తాకింది. ఆత్మకూరు చలి కాదు, అసలైన ఏసీ.

"ఈ గది సార్లకా?" అన్నాను.

"సార్లకు కాదు మామా, మిషన్లకు. వేడెక్కితే సెడిపోతాయంట. రాత్రీ పగలూ ఏసీ ఆపేదే లేదు."

అడుగు కదలలేదు. మా అమ్మ కంది కోసేటప్పుడు, ఆ మూలనే గుంత తవ్వి, తడిగోనె చుట్టి నీళ్లకడవ పెట్టేది.

"తలుపుకు అడ్డం లే మామా, సల్లగాలంతా బయటికి పోతాంది!" అన్నాడు ఆంజనేయ.

తొలగాను. నీళ్ల క్యాను తీసుకుని కారెక్కాను. నాబ్ నాలుగులో పెట్టాను. శోకం మొదలైంది.

కాబట్టి పాఠకులారా, బసవరాజ్‌ను ఇకనైనా ఎవరూ మోసగాడనకండి. ఆ బేరంతో చల్లదనం వస్తుందన్నాడు, వచ్చింది. కారుకు వస్తుందని పొరబడింది నేను. అది వచ్చింది మా అమ్మ చేనుకు. పడమటి గట్టు నుంచి వంక దాకా, ఎకరా పన్నెండు సెంట్లు.