బ్లెస్సీ అందుకోని అయిదువందల పదహార్లు

ఆటగాళ్ళ చేతికి డబ్బు ఇవ్వకూడదు. ఇచ్చారో, ఆట చెడుతుంది, చదువు చెడుతుంది, ఆఖరికి దేశం చెడుతుంది! నమ్మకం లేకపోతే ఏలూరు వచ్చి, అక్కడ ఓ ప్రైవేటు కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేస్తున్న పాండురంగారావు గారిని చూడండి. మూడు నెలలుగా జీతం అందక ఆయన ఎంత క్రమశిక్షణతో బతుకుతున్నారో మీకే తెలుస్తుంది.

ఆ కాలేజీలో ఓ రూలుంది. టీములో ఉన్నవాళ్ళు బయట పైసా పుచ్చుకోకూడదు. పుచ్చుకుంటే టీములోంచి తీసేస్తారు, ఫీజు రాయితీ పోతుంది. ఎంత గొప్ప రూలండీ! కాలేజీ మాత్రం కబడ్డీ కెప్టెన్ బ్లెస్సీ ఫోటోతో నిలువెత్తు ఫ్లెక్సీ వేయించి బస్టాండు ఎదురుగా కట్టింది. అది చూసి ఎంతమంది చేరారో, ఎంతెంత ఫీజు కట్టారో మనకెందుకు? కాలేజీ కబడ్డీ ఆడదు కదా, డబ్బు దాని ఒంటికి పడుతుంది.

బ్లెస్సీది కొల్లేరు పక్కన ఊరు. తండ్రి సాల్మన్ చేపల చెరువుల దగ్గర కాపలా ఉండేవాడు. కిందటేడు ప్రభుత్వం అక్రమమంటూ ఆ చెరువుల గట్లు కొట్టేయించాక, ఏ పని దొరికితే ఆ పనికి పోతున్నాడు. ఫీజు రాయితీ ఉంటేనే పిల్లకి డిగ్రీ, లేకపోతే లేదు.

ఇలా ఉండగా భీమడోలులో కబడ్డీ పోటీలు జరిగాయి. బ్లెస్సీ ఒకే కూతలో ముగ్గుర్ని ఔట్ చేసి వచ్చి గీత తాకింది. జనం లేచి నిలబడ్డారు. వెంటనే మైకులో వినపడింది, "ఎరువుల కొట్టు ఈశ్వరరావు గారు ఏలూరు అమ్మాయి బ్లెస్సీకి అయిదువందల పదహార్లు చదివించారండీ" అని.

మన వైపు మర్యాద మీకు తెలియనిది కాదు. ఆడపిల్లకి చదివించినా, డబ్బు ఆ పిల్ల వెంట వచ్చిన పెద్దాయన చేతిలోనే పెడతారు. ఆ పెద్దాయన పాండురంగారావు గారు. తీసుకుని జేబులో పెట్టుకున్నారు. పిల్ల చెడిపోతే ఎవరిది బాధ్యత?

"ఏలూరు వెళ్ళాక ఇస్తానమ్మా," అన్నారు. నిజంగానే ఇద్దామనుకున్నారు. తీరా ఇంటికెళ్ళేసరికి గ్యాస్ అయిపోయి ఉంది. మర్నాటికల్లా ఆ డబ్బు సిలిండరై వంటింట్లో కూర్చుంది.

మైకులో చదివిన మాట దాగుతుందా? ఓడిపోయిన కాలేజీ వాళ్ళు ఫిర్యాదు రాశారు. ప్రిన్సిపాల్ నిత్యానందం గారు విచారణ పెట్టారు. సాల్మన్ ఉతికిన చొక్కా వేసుకొచ్చి, కూతురి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, ఆ డబ్బు మా పిల్ల చేత్తో ముట్టుకోలేదండి. కావాలంటే సారుగారినే అడగండి," అన్నాడు.

అందరూ పాండురంగారావు గారి వైపు తిరిగారు. బ్లెస్సీ కూడా చూసింది, ధీమాగా. సారు చెప్పేస్తే అయిపోతుంది కదా అని ఆ పిల్ల నమ్మకం. ఆయనకీ చెప్పేయాలనే ఉంది. కానీ చెబితే ఉద్యోగం పోతుంది, రావలసిన మూడు నెలల జీతమూ పోతుంది. ఆయనకి సిగ్గేసింది. భయం అంతకంటే ఎక్కువ వేసింది.

"మైకులో అమ్మాయి పేరే చదివారండీ," అన్నారు నేలచూపులు చూస్తూ.

అందులో అబద్ధం ఒక్క ముక్కయినా ఉందా? క్రీడాస్ఫూర్తి అంటే అదీ! బ్లెస్సీని టీములోంచి తీసేశారు. రాయితీ కూడా తీసేశారు. ఫ్లెక్సీని మాత్రం, అడ్మిషన్లు పూర్తయ్యేదాకా ఉండనివ్వమన్నారు.

"పోనీలెండి సార్," అంది బ్లెస్సీ బయటికొచ్చాక. ఆ మాట అనకుండా తిట్టి ఉంటే పాండురంగారావు గారికి ఆ రోజు అన్నం సయించేది.

ఇప్పుడు బ్లెస్సీ రొయ్యలు వలిచే షెడ్డులో పనికి వెళుతోంది. రోజంతా ఐసునీళ్ళలో చేతులు పెట్టి నిలబడితే శనివారం కూలి ఇస్తున్నారు. కాలేజీలో ఒక్కరంటే ఒక్కరు అభ్యంతరం చెప్పలేదు. ఎందుకు చెబుతారండీ? ఆట మానేసిన పిల్ల ఎంతయినా సంపాదించుకోవచ్చు, రూలు ఒప్పుకుంటుంది.