మూడడుగుల మట్టి

ఆ ఉదయం తొండుపల్లి మొగులయ్య గుండీలు తప్పుగా పెట్టుకుని మరీ హడావుడి పడుతున్నాడు. పదకొండింటికి మున్సిపాలిటీ మేడమ్ తనిఖీకి వస్తోంది. ఇంటి ముందు గోడ వెంట మూడడుగుల మట్టి వదిలి మొక్కలు పెంచాలని నిబంధన. మొగులయ్యేమో భార్య అమృతమ్మ వద్దన్నా వినకుండా గేటు దాకా గచ్చు చేయించాడు. రెండు నోటీసులొచ్చాయి. ఈసారి జేసీబీతో గచ్చంతా లేపుతామన్నారు. ఈ సంగతి అమృతమ్మకు తెలిస్తే జేసీబీ అవసరమే ఉండదు. అందుకే నోటీసులను బీరువా వెనక దాచాడు.

అతని ఉపాయం తేలికైనది. శంషాబాద్ టెంట్ హౌస్ శివయ్య దగ్గర పూలకుండీలు కిరాయికి తెచ్చి గచ్చు కనబడకుండా పేర్చడం.

"శివన్నా, జర జల్ది పంపు. ఒక్క పూటకే!" అని గుసగుసగా ఫోన్ చేశాడు. భార్యతో మాత్రం, "కుండీలొస్తయి, గోడ పొంటి పెట్టించు. మిగతాది వచ్చినంక చెప్త," అని, మేడమ్‌కు దారి చూపడానికి హైవే మీదికి బండి తీశాడు.

ఒక్క పూటకు పూలకుండీలు అడిగినవాడి ఇంట్లో శుభకార్యం లేకపోవడం శివయ్య తన జన్మలో చూడలేదు. ముందుచూపున్న మనిషి కనుక, కుండీలతో పాటు షామియానా, ఎర్ర కుర్చీలు, పూల కమాను కూడా పంపాడు.

పక్కింటి అరుణ పరుగెత్తుకొచ్చింది. "ఏందక్కా, మనీషకు ఖాయం జేసిన్రా? మాకొక్క మాటన్న చెప్పలే!"

అమృతమ్మ వాకిట్లో దిగుతున్న కుర్చీల వైపు చూసింది. పొద్దున్నే గడ్డం గీసుకోవడం, ఆ గుసగుసలు, 'వచ్చినంక చెప్త' అనడం... అంతా ఒక్కసారిగా అర్థమైపోయింది. "నాకు చెప్పకుంటనే సంబంధం కుదిర్చిండు!" ఎయిర్‌పోర్టులో డ్యూటీలో ఉన్న కూతురు మనీష ఫోన్ ఎత్తలేదు. కొత్తూరులో ఉన్న తమ్ముడు యాదగిరి మొదటి రింగుకే ఎత్తాడు.

"నువ్వు ఫికర్ జెయ్యకక్కా, నేనున్న!" అని యాదగిరి గంటలో దిగాడు, వంట దశరథాన్ని, రెండు మేకపోతులను, డప్పులవాళ్ళను, పాతికమంది చుట్టాలను వెంటబెట్టుకుని.

దశరథం వాకిలంతా చూశాడు. "గాలి తగల్కుండ గోడ పొంటి గాడిపొయ్యి తవ్వాలె. గచ్చు అడ్డమున్నది."

"తియ్, పగలగొట్టు! రేపు బావ మళ్లేయించుకుంటడు," అన్నాడు యాదగిరి. కుండీలు రోడ్డు మీదికి జరిగాయి. గడ్డపారలు లేచాయి.

పదకొండింటికి మేడమ్ జీపుకు ముందు బండి మీద వచ్చిన మొగులయ్య సందు మలుపులోనే బ్రేకు వేశాడు. షామియానా, డప్పులు, మాంసం వాసన! ఎవరిల్లో అనుకున్నాడు. గేటు చూస్తే తనదే.

మేడమ్ మాధవీలత జీపు దిగీ దిగగానే పెళ్ళికొడుకు తరఫు మనిషే అనుకుని ఆడవాళ్ళు చుట్టుముట్టి బొట్టు పెట్టారు.

"పిలగాడు ఏం పని జేస్తడమ్మా?" అమృతమ్మ ఆత్రంగా అడిగింది.

మేడమ్ జీపులో కూర్చున్న తోటపని శేఖర్ వైపు చూసింది. "అతనాండీ? చెట్లు కత్తిరిస్తాడు. మున్సిపాలిటీలో పర్మినెంటే."

"సర్కారు నౌకరీ!" అని అరుణ కేక పెట్టింది. డప్పులు రెట్టించాయి. యాదగిరి శేఖర్‌ను అమాంతం దించి మెడలో బంతిపూల దండ వేశాడు.

"అన్నా, ఇడువురి! నాకు ఇద్దరు పిల్లలున్నరు!"

డప్పులు ఆగాయి. అందరూ మొగులయ్య వైపు తిరిగారు. ఇక దాచేదేముంది? నోటీసులు, బీరువా, కుండీలు అన్నీ కక్కేశాడు. అమృతమ్మ కొంగు నడుముకు బిగించింది. "జేసీబీ వస్తదని నాకు చెప్పకపోతివా?"

ఈలోగా మేడమ్ ఇదేమీ వినిపించుకోకుండా గోడ దగ్గరికి నడిచింది. ఇంక గచ్చు పోయినట్టేనని మొగులయ్య కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆమె పొయ్యి అంచున వంగి టేపు పట్టి కొలుస్తోంది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పగిలిన గచ్చు, నల్లమట్టి, మీద ఉడుకుతున్న మూడు గుండిగలు.

"మూడడుగుల రెండంగుళాలు," అంది మేడమ్ మెచ్చుకోలుగా. "నోటీసు అందుకుని సొంతంగా గచ్చు తవ్వించిన ఇల్లు ఈ వార్డులో మీదొక్కటేనండీ! పొయ్యి ఆరాక బూడిద మట్టిలో కలిపేసి మొక్కలు నాటండి." అక్కడికక్కడే ఫైలు మూసేసింది.

మొగులయ్య ఎగిరి యాదగిరిని కౌగిలించుకున్నాడు. "బామ్మర్దీ, నా ఇజ్జత్ కాపాడినవ్!"

"నేనేం జేసిన బావా?" అన్నాడు యాదగిరి అయోమయంగా.

ఆ మధ్యాహ్నం మేడమ్‌తో సహా అందరూ తృప్తిగా తిన్నారు. నిశ్చితార్థం ఎవరిదని ఒక్కరూ అడగలేదు గానీ, మాంసంలో ఉప్పు తగ్గిందని మాత్రం ముగ్గురన్నారు.