గువ్వ దిగిన నమూనా

ఇలా దగ్గరికి జరిగి కూర్చో. ఆ కాళ్లు కాస్త ముడుచుకో, దారికి అడ్డం. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకో. ఎందుకో చివర్లో చెబుతాను.

ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఒక కోడలు ఉండేది. అడవి చూడ్డానికి వచ్చేవాళ్లు ముందుగా అడుగుపెట్టే భవనాలకు రూపం గీయడం ఆమె పని. అందరూ బల్ల ముందు కూర్చుని గీస్తే, ఈమె చిత్తడినేల పక్కన గొడుగు వేసుకుని కూర్చునేది. చెదపుట్ట లోపల చల్లదనం ఎలా నిలుస్తుందో, రెల్లుగడ్డి గాలికి వంగి మళ్లీ ఎలా లేస్తుందో చూసి చూసి, అప్పుడు పెన్సిలు పట్టేది. ఆమె అనుకున్న భవనం దూరానికి మట్టిగట్టులా ఉంటుంది. పైన గడ్డి, గోడల్లో పుట్టకున్నట్టు గాలి దారులు, మోకాలెత్తున సన్నని కిటికీలు. "మనం వాటికి కనపడకూడదు, అవి మనకు కనపడాలి" అనేది. అంత చక్కని ఆలోచన ఎంతమందికి వస్తుంది చెప్పు!

అటవీశాఖ పెద్ద ఆఫీసరుకు మాత్రం ఆ కిటికీలు నచ్చలేదు. "టికెట్టు కొన్నవాడు మోకాళ్ల మీద కూర్చుని చూస్తాడా అమ్మా?" అని మొహం మీదే అనేశాడు. పోటీకి వచ్చిన ఇంకొకాయన సిమెంటు పులి నమూనా పట్టుకొచ్చాడు. జనం దాని నోట్లోంచి లోపలికి వెళ్లాలట. ఏది కట్టాలో తేల్చే కమిటీ కూర్చునే రోజున కోడలు తన నమూనా పెట్టి ఒప్పించాలి. పెట్టకపోతే పులి ఖాయం. దాన్ని చూసి చిత్తడినేల ఒడ్డున ఉన్న కొంగలన్నీ లేచిపోవడమూ ఖాయం.

నమూనాను నిజం మట్టి, నిజం గడ్డి, నిజం పుల్లలతోనే చేసి, పైకప్పు విడిగా తీసి బాల్కనీలో కొన్నాళ్లు ఆరబెట్టింది. కమిటీ రోజు పొద్దున్నే చుట్టి తీసుకెళ్దామని గుడ్డ పట్టుకుని వెళ్తే, నమూనా నడిమి హాల్లో ఒక గువ్వ తీరిగ్గా కూర్చుని ఉంది. దాని కింద రెండు గుడ్లు.

భర్త వచ్చి చూశాడు. "హుష్ అంటే అదే పోతుంది. గుడ్లు ఆ పూలకుండీలో పెట్టేద్దాం."

"కుండీలో పెడితే అది మళ్లీ వచ్చి కూర్చుంటానని మీకు మాటిచ్చిందా? జీవాల్ని కదపని ఇల్లు ఇదీ అని చెప్పడానికి, ఉన్న జీవాన్ని గెంటేసి వెళ్లనా?" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా గుడ్డ మడిచి పక్కన పెట్టేసింది. అదీ ఆమె మనసు!

అంతలో మావగారు వచ్చారు. ఉద్యోగమంతా రైల్వే స్టేషన్లో రైళ్ల రాకపోకలు ప్రకటించిన మనిషి. వీధిలో అందరూ మైకు మావయ్య అనేవారు. పొద్దున ఆయన పేపరు చదివితే భవనమంతా వినేది. అందుకని ఆ భవనంలో ఇంకెవరూ పేపరు వేయించుకోరు.

"ఏమైందమ్మాయ్!" అన్నారు అలవాటు కొద్దీ. గువ్వ అదిరిపడి రెక్కలు టపటపలాడించింది.

"మావయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను. ఇవాళ్టికి మాట్లాడకండి."

కోడలంటే ఆయనకు ప్రాణం. కళ్లు తెరిస్తే నోరూ తెరుచుకుంటుందని, కళ్లు మూసుకుని, చేతులు గుండెల మీద పెట్టుకుని పడక్కుర్చీలో పడుకున్నారు. ఆయన కొడుకు కాలింగ్ బెల్లు తీగ పీకేశాడు. గువ్వకు మనుషులు కనపడకుండా కోడలు ఒక పెద్ద అట్టను బాల్కనీ తలుపుకు అడ్డం కట్టి, అడుగున సన్నని చీలిక కోసింది. అప్పుడు ఆఫీసుకు ఫోన్ చేసింది.

"గువ్వా?" అన్నాడు గుమాస్తా. "మేడమ్, ఈ మాట సార్‌కి నేను చెప్పలేను. డ్రైవర్ని పంపిస్తున్నా, నమూనా ఇచ్చెయ్యండి." అని ఫోన్ పెట్టేశాడు.

ఈలోగా పక్కింటి పిన్నికి ఆనాటి వార్తలు అందలేదు. వచ్చి తలుపు తట్టింది. కోడలు ఎర్రబడ్డ కళ్లతో, పెదవుల మీద వేలు పెట్టుకుని తలుపు ఓరగా తీసింది. సందులోంచి పిన్నికి కదలని మావయ్య, పక్కన తల వంచుకున్న కొడుకు కనిపించారు.

"అయ్యో తల్లీ!"

"తర్వాత చెప్తా పిన్నిగారూ, చప్పుడు చెయ్యకండి" అని కోడలు తలుపు వేసేసింది.

ఆయన నోరు మూతపడిందంటే ఇంకేం మిగిలినట్టు? పిన్ని రెండో అంతస్తుకు దిగేసరికి మావయ్యకు గుండెజబ్బు వచ్చింది. గేటు చేరేసరికి ఆఖరి మాటలు కూడా పుట్టాయి. అక్కడికొచ్చిన డ్రైవరు అంతా విని ఆఫీసరుకు ఫోన్ చేశాడు.

ఆఫీసరు మనసు మంచిదే. "మావగారు పోయిన రోజున నమూనా అడిగామా!" అని నొచ్చుకుని, కమిటీ మొత్తాన్ని వెంటేసుకుని, తెల్లపూల గుత్తితో వచ్చాడు. మెల్లగా తట్టాడు. ఆ చప్పుడుకు గువ్వ బెదురుతుందని లేచి పరిగెత్తి తలుపు తీసింది ఎవరనుకున్నావు? మైకు మావయ్యే. పూలు చూసి మొహం విప్పారింది. అందుకుని, వాసన చూసి, వంగి నమస్కారం పెట్టారు.

ఆఫీసరు మొహంలో నెత్తురు చుక్క లేదు. వెనక పిన్ని కెవ్వుమనబోయింది. మావయ్య చటుక్కున ఆవిడ నోరు మూసేశారు.

కోడలు గుసగుసగా జరిగిందంతా చెప్పింది. ఆఫీసరుకు ఒళ్లు మండింది. "ఒక పిట్ట కోసం ఇంత గొడవా?"

"ఒక్కసారి చూడండి సార్. ఆ తర్వాత మీరేమన్నా పడతాను."

ఆఫీసరు వంగితే చీలిక కంటికి అందలేదు. విసుక్కుంటూ మోకాళ్ల మీద కూర్చున్నాడు. నీరెండ గువ్వ మెడ మీద పడి గులాబీ వన్నె తేలింది. అది కాస్త లేచి, ముక్కుతో గుడ్డును మెల్లగా దొర్లించి, ఈకలు పొంగించి మళ్లీ సర్దుకుంది. ఆమె గోడలో పెట్టిన గాలి దారుల్లోంచి గాలి దూరి ఆ ఈకల్ని కదుపుతోంది. ఆఫీసరు లేవడం మానేశాడు. కమిటీవాళ్లు వీపు గోకినా లేవలేదు.

చివరికి తల తిప్పి చూస్తే, వెనక కమిటీ అంతా మోకాళ్ల మీద ఉంది. వాళ్ల వెనక పిన్ని. ఆ వెనక, మావయ్యను ఆఖరి చూపు చూడ్డానికి వచ్చిన జనమంతా చెప్పులు చేత్తో పట్టుకుని, ఊపిరి బిగబట్టి వంతు కోసం నిలబడ్డారు.

"ఈ లైను ఎందాకా ఉందయ్యా?" అన్నాడు గుసగుసగా.

"గేటు దాకా సార్" అన్నాడు డ్రైవరు.

ఆఫీసరు కోడలి వైపు తిరిగాడు. "అమ్మా, ఆ కిటికీలు అక్కడే ఉండనీ. ఇంకో వరస కూడా పెట్టు."

గువ్వ పిల్లలు ఎగిరాకే నమూనా ఆఫీసుకు వెళ్లింది, రెట్టల మరకలతో సహా. భవనం లేచింది. కొంగలు ఎక్కడికీ పోలేదు. సిమెంటు పులి ఆఫీసు మూలన ఇంకా నోరు తెరుచుకునే ఉందట. కొత్త భవనం గుమ్మంలో నిలబడి, పెదవుల మీద వేలు పెట్టుకుని వచ్చినవాళ్లందరి నోరు మూయించే పని మైకు మావయ్యదే.

ఇది గుర్తుపెట్టుకుని ఇంకొకరికి చెప్పు. కాకపోతే చిన్న గొంతుతో చెప్పు. మన కిటికీ మీద కూడా ఒక గువ్వ పుల్ల పెట్టి వెళ్లింది.