తీర్మానం నెగ్గిన తుపాకీ

ఎల్క్ దుప్పుల వేట మొదలయ్యే ముందు మా కౌంటీ కమిషనర్ ఓర్విల్ హాగ్‌స్టాడ్ గారు చరిత్రాత్మక ప్రకటన చేశారు: "నా ప్రజల్లో ఏ ఒక్కరూ వంగే స్టాక్‌తో కొండెక్కకూడదు!"

స్టాక్ అంటే రైఫిల్‌ను భుజానికి ఆనించి పట్టుకునే భాగం. మా తాతల నాడు వాల్‌నట్ కర్రతో చేసేవారు. ఇప్పుడు ఫ్యాక్టరీలో పోతపోసిన ప్లాస్టిక్. అది వంగకూడదు, బరువుండకూడదు, గురి తప్పించకూడదు. ఈ మూడూ పరీక్షించి కౌంటీకి ఒక అధికారిక స్టాక్‌ను ఎంపిక చేస్తామన్నారు. నవంబరులో ఎన్నికలున్న మాట నిజమే గాని, పెద్దమనుషుల మీద అలాంటి అనుమానాలు కూడదు.

పరీక్ష ఊరి చివర కంకర గుంటలో జరిగింది. కాఫీ సరఫరా నాదే కనక దగ్గరుండి చూసే భాగ్యం కలిగింది. కమిషనర్లు ముగ్గురూ వచ్చారు. హాగ్‌స్టాడ్ గారు ఏమన్నా బలపరిచే ప్రూయిట్ గారు రెండోవారు. మూడో ఆయన మోతకు భయపడి చెవుల్లో దూది పెట్టుకునే రకం. గెలిచిన రోజు నుంచీ తీయలేదు.

నల్లది, పచ్చది, బూడిద రంగుది, మూడు స్టాక్‌లు. ఒకే బారెల్‌ను, అంటే తుపాకీ గొట్టాన్ని, వాటికి మార్చి మార్చి బిగిస్తారు. బారెల్‌కీ స్టాక్‌కీ మధ్య డాలర్ నోటు సాఫీగా జారితే మంచిదని మా వాడుక. నల్లదాంట్లో జారింది, కానీ అది దుంగంత బరువు. పచ్చదాంట్లో కొంచెం పట్టి పట్టి జారింది. బూడిదది ఈకలా తేలిక. కాస్త నొక్కగానే వంగి, నోటును కరచుకుంది.

"ఇది వంగుతోందండీ" అన్నాన్నేను.

"వంగడం కాదయ్యా, వినయం!" అన్నారు హాగ్‌స్టాడ్ గారు. ఆయన బావమరిది కొట్లో బూడిద రంగు సరుకే గుట్టలుగా పడి ఉంది. అది కాకతాళీయం.

ఇక గురి. గుండ్లు ఎంత దగ్గర దగ్గరగా పడితే స్టాక్ అంత మంచిదని లెక్క. బూడిదదాంతో ఐదు గుండ్లు కాల్చారు. అవి అట్ట నిండా అక్షింతల్లా పడ్డాయి.

"ఆ పైది గాలి తప్పు. లెక్కలోంచి తీసేయాలని ప్రతిపాదిస్తున్నాను" అన్నారు హాగ్‌స్టాడ్ గారు.

"బలపరుస్తున్నా" అన్నారు ప్రూయిట్ గారు.

మా ఊళ్ళో వేటగాళ్ళందరూ తప్పిన గుండును ఇలా తీసేసుకునేవాళ్ళే. కాకపోతే చట్టబద్ధంగా తీసేయడం ఇదే మొదలు. రెండోది తుమ్ము వల్ల, మూడోది ఎండ వల్ల, నాలుగోది ప్రతిపక్షం చూపు వల్ల తప్పాయని వరసగా తీర్మానాలు నెగ్గాయి. ఒక్క గుండు మిగిలింది. దానికీ దానికీ మధ్య దూరం సున్నా! ఇంత కచ్చితమైన స్టాక్ మోంటానాలోనే లేదని అందరం చప్పట్లు కొట్టాం.

అందరమూ అంటే పశువుల ఆసామి ఆర్డిస్ ట్వైట్ గారు తప్ప. ఆవిడ గడ్డి ఇవతలి ఒడ్డున ఉంది, ఆవులు అవతల ఉన్నాయి. మధ్యలో ఆటర్ వాగు వంతెన కుంగిందని వేసవిలోనే మూసేశారు. మిగిలింది కొండ చుట్టి పోయే కనుమ దారి. మంచు పడితే అదీ మూసుకుపోతుంది.

"ఏమయ్యా ఓర్విల్, తుపాకీలాట అయిందా? మంచొచ్చేస్తోంది. నా గొడ్లు ఆకలితో చావాలా?"

"అయ్యో, ఎంతమాట! ఇంజనీరు కొలతలు తెప్పించండి."

లారీ ఎక్కితే వంతెన ఐదు చోట్ల ఎంత కుంగుతుందో ఇంజనీరు కొలిచాడు. కమిషనర్ గారు అక్కడికక్కడే సభ జరిపారు. నడిమధ్య కొలత వాగు ఉధృతి వల్ల తప్పన్నారు. నెగ్గింది. ఇంకో మూడూ అలాగే పోయాయి. మిగిలిన కొలత ఒడ్డు మీద, వంతెన నేలకు ఆనే చోటిది. కుంగుబాటు సున్నా.

"సమస్య పరిష్కారం!" అన్నారు.

శనివారం ప్రారంభోత్సవం. అవతలి ఒడ్డున చర్చి హాల్లో ఎల్క్ మాంసంతో కారంగా వండిన చిల్లీ, హకల్‌బెర్రీ పళ్ళు పెట్టి కాల్చిన పై, అన్నీ సిద్ధం. హాగ్‌స్టాడ్ గారు హెచ్చరిక బోర్డు పీకించి, రిబ్బను కత్తిరించి, తన పికప్ ఎక్కి కనుమ వైపు తిప్పారు.

"భోజనం ఇటు కదయ్యా!" గడ్డి లారీలోంచి కేకేశారు ఆర్డిస్ గారు. "రా, నా పక్కన కూర్చో, కలిసి దాటుదాం."

"ముందు ప్రజలు, తర్వాతే మేము! మీరు పదండి."

మిగతా ఇద్దరి బళ్ళూ ఆయన వెనకే తిరిగాయి. కనుమ చుట్టి వచ్చేసరికి చిల్లీ చల్లారిపోతుందని చెప్పాను.

"వేడి చేసుకుంటాంలే."

ఆర్డిస్ గారు వంతెన వంక చూశారు, కొండ మీది మబ్బు వంక చూశారు. లారీ ఇంజను ఆపి దిగారు. ఒక గడ్డి మోపు భుజానికెత్తుకుని వంతెన మీద నడక మొదలుపెట్టారు.

హాగ్‌స్టాడ్ గారు పికప్ కిటికీలోంచి తల బయటపెట్టారు.

"చూశారా! కాస్తయినా వంగిందా?"