నాలుగు కిలోల తొక్కలు

ఈ భూగోళం చల్లబడాలంటే బంగాళాదుంప తొక్క ఎంత మందం ఉండాలన్న విషయంలో మా అత్తగారికీ, మా ఆయనకీ నాలుగు రోజులుగా మాటల్లేవు. (ఉన్నాయి. నా ద్వారా నడుస్తున్నాయి.)

“కాస్త మందంగా చెక్కమని చెప్పు,” అన్నారు ఆయన, తల్లి పక్కనే కూర్చుని.

“నేను తీసిన తొక్కలోంచి పేపరు చదవొచ్చు. వీడి గ్యాసు కోసం ఈ వయసులో చెయ్యి పాడుచేసుకోనని చెప్పు,” అన్నారు ఆవిడ.

మా వీధికి వచ్చే వంటగ్యాసు మా వంటింటి చెత్తలోంచే పుడుతుంది. అందుకని పునరుత్పాదక వాయు శాఖ ప్రతి ఇంటినీ ఒక సుస్థిర వనరుగా ప్రకటించి, రోజుకి ఎంత చెత్త ఇవ్వగలరో రాసిమ్మంది. మా ఆయన ఆ ఫారం నింపిన రోజు ఇరవై ఇద్దరు చుట్టాలు భోజనానికొచ్చారు. ఆయన అబద్ధమాడరు కాబట్టి తూచి మరీ రాశారు: నాలుగు కిలోలు. చుట్టాలు సాయంత్రమే వెళ్ళిపోయారు. నాలుగు కిలోలు ఉండిపోయాయి. (శాఖ దృష్టిలో తరిగేది సుస్థిరం కాదు. తగ్గించమని అర్జీ పెట్టాలంటే ఇంట్లో ఎవరో ఒకరు పోయినట్టు ధ్రువపత్రం జతచెయ్యాలి. అది చదివినప్పుడు అత్తగారు మా ఆయన వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను.)

మా అమ్మాయితో కలిపి మేం నలుగురం. తొక్కల కోసం రోజూ బస్తా దుంపలు కొని, ఒలిచినవి పక్కవాళ్ళకి పంచుతున్నాం. ఇప్పుడు మేం కనబడితే వాళ్ళు తలుపులేసుకుంటున్నారు.

ఐదో రోజు తొక్కల తనిఖీ అధికారి త్రాసుతో, స్కేలుతో వచ్చారు. అత్తగారి తొక్కని వెలుతురుకేసి పట్టుకుని నిట్టూర్చారు.

“మామ్మగారూ, ఇది కాగితాల విభాగం చూసుకోవాలి. శుక్రవారంలోగా నాలుగు కిలోలు రాకపోతే గ్యాసు ఆపేస్తాం.”

అత్తగారు ఆలోచనలో పడ్డారు. ఆవిడకి పళ్ళు లేవు. మెత్తగా ఉడకనిదేదీ గొంతు దిగదు.

“బాబూ, అసలు చెత్తంటే ఏంటి?”

అధికారి నిబంధనల పుస్తకం తిప్పారు. “ఇంట్లోవాళ్ళు తిననిది.”

“తింటే?”

“ఆహారం. దాన్ని మేం ముట్టుకోం.”

“అయితే మేం తొక్క తిని, దుంప వదిలేస్తే?”

ఆయన పుస్తకం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చదివారు. “అభ్యంతరం ఉన్నట్టు లేదండీ,” అని, మమ్మల్ని ఆదర్శ కుటుంబంగా సిఫారసు చేస్తానని కాఫీ తాగి వెళ్ళిపోయారు.

భోజనాల దగ్గర అందరూ కూర్చున్నాక అత్తగారు నెమ్మదిగా చెప్పారు. “రేపట్నుంచి దుంపలు గ్యాసుకి. తొక్కలు మనకి.”

“మరి ఆ గ్యాసు మీద ఏం వండుతాం నానమ్మా?” అంది మా అమ్మాయి.

“తొక్కలే.”