బీరువాలో ఆరు ఫ్యాన్లు

తయారుగా అమ్మే కంప్యూటర్లను ప్రభుత్వం వెంటనే నిషేధించాలి!

ఇది రాకియా సారా గ్లాసు ముందు పెట్టుకుని రాస్తున్న మాట కాదు. ఉదయం పది గంటలకు, కాఫీ తాగుతూ, పూర్తి బాధ్యతతో రాస్తున్నాను. ప్రతి పౌరుడూ తన కంప్యూటర్‌కి కావలసిన ఒక్కొక్క భాగాన్నీ తానే వెతికి, తానే పోల్చి, తానే ఎంచుకోవాలి. ఆ వెతుకులాటలో ఉన్న పుణ్యం ఏ తీర్థయాత్రలో ఉంది చెప్పండి?

నన్నే చూడండి. ఫిబ్రవరిలో మొదలుపెట్టాను. ఏడు నెలలు ఎంచుకున్నాను. ఆ ఏడు నెలల్లో సిగరెట్లు మానేశాను, రాజకీయాలు మానేశాను, తమ్ముడితో తగాదా కూడా మానేశాను. వ్యసనాలకు తీరిక లేకపోవడాన్ని మించిన మందు ఉందా? మా వాల్యెవో ఊళ్ళో ఇంత ప్రశాంతంగా బతికినవాడు నాకు తెలిసి ఇంకొకడు లేడు.

అసలు సంగతి మా ఆవిడ దెసాంకాతో మొదలైంది. ఆమె తొమ్మిదేళ్ళుగా అంధుల గ్రంథాలయానికి పుస్తకాలు చదివి రికార్డు చేసి ఇస్తోంది. స్టూడియో ఏమీ లేదు. మా పడకగదిలో బట్టల బీరువా ఉంది. అందులో చలికోట్ల మధ్య చిన్న పీట వేసుకుని, మైకు పట్టుకుని కూర్చుంటుంది. కోట్లు ప్రతిధ్వనిని మింగేస్తాయి. కంప్యూటర్ కాళ్ళ దగ్గర ఉంటుంది. దాని వయసు పదమూడు. అది పనిచేస్తుంటే పొలంలో ట్రాక్టరు తిరుగుతున్నట్టే ఉంటుంది.

ఒకరోజు శ్రోతల్లో ఒకాయన ఫోన్ చేశాడు. పేరు గ్వొజ్దెన్. రైలింజను డ్రైవరుగా రిటైరయ్యాడు. చూపు పోయి ఆరేళ్ళయింది, చెవులు మాత్రం పాముచెవులు.

"అమ్మా దెసాంకా, నవల బాగుంది గానీ, ఇది నదిమీది కథ కదా? ప్రతి పేజీలోనూ డీజిల్ ఇంజను ఎందుకు నడుస్తోంది?"

దెసాంకా ఫోన్ పెట్టేసి నా దగ్గరకొచ్చింది. "తీహో, చప్పుడు చెయ్యని కంప్యూటర్ ఒకటి చూడు."

నా పూర్తి పేరు తీహోమీర్. తీహో అంటే మా భాషలో 'చప్పుడు లేకుండా' అని కూడా అర్థం. నా గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది కాబట్టి, పేరు పెట్టినరోజు గుమాస్తా ఎవరిదో కాగితం తారుమారు చేశాడని మా ఆవిడ అనుమానం.

వెంటనే ఇంటర్నెట్‌లో ఒక చర్చావేదికలో చేరాను. 'మొదటిసారి కంప్యూటర్ బిగించుకుంటున్నాను, భాగాలు ఎలా ఎంచుకోవాలి?' అని రాశాను. మర్నాటికి రెండువందల పద్నాలుగు జవాబులు! మా పెళ్ళికి కూడా అంతమంది రాలేదు!

అందులో 'ఇనుప తోడేలు' అని పేరు పెట్టుకున్న పెద్దమనిషి అందరికంటే ముందు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏ గేమ్ ఆడతావు?" అని అడిగాడు. ఏం చెప్పను? మా ఆవిడ బీరువాలో కూర్చుంటుందని చెప్పనా? నలుగురిలో పరువు ఉండొద్దూ? ఎక్కడో విన్న ఒక గేమ్ పేరు రాసేశాను. "అయితే గ్రాఫిక్స్ కార్డే ప్రాణం" అన్నాడు తోడేలు.

గ్రాఫిక్స్ కార్డ్ పెద్దదైంది కాబట్టి పవర్ సప్లై పెద్దదైంది. రెండూ కలిసి వేడెక్కుతాయి కాబట్టి ఫ్యాన్లు ఆరయ్యాయి. ఆరు ఫ్యాన్లు పట్టాలి కాబట్టి కేబినెట్ మా ఫ్రిజ్‌కి తమ్ముడంత అయింది. ఇందులో ఎక్కడైనా తర్కం తప్పిందా? ఒక్కో మెట్టూ ఎంత సబబుగా ఉందో చూడండి!

ఇక సలహాలంటారా? పన్ను పీకించుకోవడానికి వెళ్తే డాక్టర్ వుకాషిన్ నా నోట్లో అద్దం పెట్టి అరగంట ర్యామ్ గురించి చెప్పాడు. కాదనడానికి నాకు నోరెక్కడిది? మా ఇంటి పునీతుడి పండుగ స్లావాకు ఆశీర్వదించడానికి వచ్చిన ఫాదర్ కొవ్వొత్తి వెలిగిస్తూనే, "ఇప్పుడే కొనకు నాయనా, శరదృతువులో కొత్త ప్రాసెసర్లు వస్తున్నాయి" అన్నాడు. ఓపిక గురించి ఇంత చక్కటి ప్రబోధం ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

వ్యతిరేకించినది ఒక్క మా అత్తగారు పెర్సిదా. ఎనభై ఒక్కేళ్ళు. ఎదురెదురు కిటికీలు తెరిస్తే ఇంట్లోంచి దూసుకుపోయే గాలి ఉంటుందే, ప్రొమాయా, మా దేశంలో యుద్ధాలకంటే దానివల్లే ఎక్కువమంది పోయారని ఆమె లెక్క. నేను కాగితం మీద కేబినెట్ బొమ్మ గీస్తుంటే కుర్చీ దగ్గరకు లాక్కుంది.

"ఈ గుండ్రాలేంటి అల్లుడూ?"

"ఫ్యాన్లు అత్తయ్యా. ముందున్న మూడూ గాలి లోపలికి లాగుతాయి, వెనకున్న మూడూ బయటికి తోస్తాయి."

అల్లిక సూదులు ఒళ్ళో పెట్టేసుకుంది. "అంటే డబ్బులిచ్చి ప్రొమాయా కొనుక్కొస్తున్నావన్నమాట!"

"అది కంప్యూటర్ లోపలే ఉంటుంది అత్తయ్యా..."

"లోపలికి పోయింది బయటికి రాదా? దాన్ని బీరువాలో నా కూతురి నడుం పక్కన పెడతావా? దాని కిడ్నీలు ఏమవ్వాలి? నీకు ఇంకో పెళ్ళాం సిద్ధంగా ఉందా?"

చదువు లేకపోవడం ఎంత ప్రమాదమో చూశారా! నేను నవ్వి, ఏడో ఫ్యాన్ గురించి ఆలోచించడం మొదలుపెట్టాను.

ఈలోగా దెసాంకా ఊరుకోలేదు. రోజూ మధ్యాహ్నం కాఫీ వేళకు గ్వొజ్దెన్‌కి ఫోన్ చేసి, నాలుగేసి పేజీలు నోటితోనే చదివేది. అటు ఆయన కప్పు, ఇటు ఈమె కప్పు. వంటింట్లోంచి వినేవాడిని. కథలో ఎవరైనా చస్తే ఇద్దరూ ఇంకో కప్పు కాఫీ పోసుకునేవాళ్ళు. నేను తొందరపడి కంప్యూటర్ కొనేసి ఉంటే ఈ స్నేహం ఉండేదా? ఆలస్యం ఎంత గొప్ప వరమో మీరే ఆలోచించండి.

ఆగస్టు చివర్లో గ్రంథాలయం నుంచి ఉత్తరం వచ్చింది. చప్పుడున్న రికార్డింగులు ఇక తీసుకోలేమని, సెప్టెంబరు ముప్పైలోగా మొదటి మూడు అధ్యాయాలు శుభ్రంగా అందకపోతే పుస్తకాన్ని వేరే పాఠకురాలికి అప్పగిస్తామని మర్యాదగా రాశారు. తొమ్మిదేళ్ళ సేవకు కృతజ్ఞతలు కూడా తెలిపారు.

దెసాంకా ఆ ఉత్తరాన్ని, భాగాలు పోల్చుకోవడానికి నేను గీసుకున్న చార్టుల మీద పెట్టి వెళ్ళిపోయింది. కోప్పడలేదు. ఆ సాయంత్రం బీరువాలోంచి పీట తీసి, వంటింట్లో అటక కింద పెట్టింది. కోట్లు సర్ది తలుపు మూసింది.

పాఠకులారా, ఆ తలుపు మూసిన చప్పుడు నాకు నచ్చలేదు.

మర్నాడు నాలుగు పేజీల జాబితా పట్టుకుని బస్టాండు వెనక యెల్కా అనే ఆవిడ నడిపే రిపేరు దుకాణానికి వెళ్ళాను. అరవై ఏళ్ళుంటాయి, కళ్ళజోడు నుదుటి మీద, చేతిలో వేడి సోల్డరింగ్ ఐరన్. జాబితా మొత్తం చదివింది. మెచ్చుకుంటుందని ఎదురుచూశాను.

"దేనికి?" అంది.

"దేనికంటే?"

"ఈ కంప్యూటర్‌తో ఏం చేస్తారు?"

ఏడు నెలల్లో నన్ను ఎవరూ అడగని ప్రశ్న! నసిగాను. "మా ఆవిడ... పుస్తకాలు చదువుతుంది. గుడ్డివాళ్ళ కోసం. బీరువాలో కూర్చుని."

యెల్కా జాబితాను మళ్ళీ చూసింది. "బీరువాలో ఆరు ఫ్యాన్లా? ఆవిడ పుస్తకం చదువుతుందా, గోధుమలు తూర్పారబడుతుందా?"

పెన్ను తీసి కొట్టివేతలు మొదలుపెట్టింది. గ్రాఫిక్స్ కార్డ్ పోయింది. ఫ్యాన్లు ఒక్కొక్కటే పోయాయి. నా గుండెలో ఒక్కో ముక్కా రాలింది. చివరికి ఏం మిగిలిందయ్యా అంటే, ఎక్కువ వేడెక్కని చిన్న ప్రాసెసర్, దాని నెత్తిన వేడిని మెల్లగా వదిలేసే రేకుల దిమ్మ, ఫ్యాన్ లేని పవర్ సప్లై, తిరిగే భాగమే లేని డిస్కు, రొట్టె పెట్టెంత కేబినెట్.

"ఇంతేనా?" అన్నాను. ఏడుపు ఒక్కటే తక్కువ.

"ఇంకేం కావాలి? ఆవిడ గొంతు ఉందిగా!"

ఆదివారం భోజనాల బల్ల మీద బిగించాం. స్విచ్ నొక్కాను. ఏమీ వినపడలేదు. చెవి ఆనించాను. ఏమీ లేదు! చచ్చిందనుకుని స్క్రూడ్రైవర్ అందుకున్నాను.

"తీహో, తల ఎత్తు" అంది దెసాంకా. వెనక స్క్రీన్ ఎప్పుడో వెలిగి ఉంది.

అత్తగారు టిష్యూ కాగితం చింపి కేబినెట్ చుట్టూ పట్టి చూసింది. కాగితం కదల్లేదు. శిలువ గుర్తు వేసుకుని, "ఇది మంచి ఇంట్లో పుట్టిన వస్తువు" అని తీర్పిచ్చింది.

ఇంతకీ నా ఫిర్యాదు ఏమిటంటారా? రెండువందల పద్నాలుగు మంది నిపుణులు, ఒక పళ్ళ డాక్టరు, ఒక ఫాదర్! వీళ్ళలో ఒక్కరైనా 'దేనికి' అని అడిగారా? అడగలేదు! సరే, వాళ్ళు పరాయివాళ్ళు. వాళ్ళకు బీరువా సంగతి తెలియదు. బీరువా సంగతి తెలిసినవాడు ఇంట్లోనే ఒకడున్నాడు. వాడూ అడగలేదు. ఆ ముక్క నేనే రాయాల్సి రావడం ఏం బాగాలేదు.

అయినా సంపాదించిన జ్ఞానాన్ని తుప్పు పట్టనివ్వగలమా? ఇప్పుడు ఊళ్ళోవాళ్ళకు ఫోన్లో సలహాలిస్తున్నాను. ఉచితంగానే.

దెసాంకా మళ్ళీ పీట వేసుకుంది. మూడు అధ్యాయాలూ పూర్తిచేసి, గ్రంథాలయానికి పంపేముందు గ్వొజ్దెన్‌కి వినిపించింది. గడువుకు ఇంకా నాలుగు రోజులున్నాయి. నిన్న ఆయన ఫోన్ చేశాడు. ఆమె కూరగాయలు తరుగుతోంది కాబట్టి స్పీకర్‌లో పెట్టింది.

"ఇంజను పోయిందమ్మా! నీళ్ళ చప్పుడు కూడా నీ గొంతులోనే వినిపిస్తోంది. ఒక్కటే అనుమానం. పడవలో వాళ్ళిద్దరూ మొదటిసారి చేతులు పట్టుకుంటారు చూడు, అక్కడ దూరంగా ఒక మగమనిషి 'మదర్‌బోర్డ్ దగ్గర మాత్రం కక్కుర్తి పడకు' అంటున్నాడు. వీడెవడు? నువ్వు ఫోన్లో చదివినప్పుడు లేడే?"

దెసాంకా కత్తి ఆపి నావైపు చూసింది.

"చిన్న పాత్రేలే గ్వొజ్దెన్ బాబాయ్. కథకి అవసరం లేదు. కోసేస్తాను."